బెర్లిన్ లోకల్

తెలంగాణలో లోకల్ అనిపించుకోవడం అల్కటి పని కాదు.

నిజాం ఏలుబడిలో ముల్కీ కావాలంటే పదిహేనేళ్ళు ఇక్కడ కాపురం ఉండాలి. 1919 నాటి ఫర్మానా పెట్టిన లెక్క అది. ఆ ముల్కీ కోసమే 1952లో విద్యార్థులు తూటాలకు ఎదురెళ్ళారు. 1969లో మళ్ళీ వెళ్ళారు. రాష్ట్రం వచ్చిన ఏడాదే, 2014లో, ఫాస్ట్ అని ఒక పథకం ప్రకటించారు. కాలేజీ పిల్లగాడి ఫీజు సర్కారు కట్టాలంటే వాడి కుటుంబం 1956 నవంబర్ 1కి ముందు నుంచే తెలంగాణలో ఉన్నట్టు కాగితం తేవాలన్నారు. నలుగురూ తిట్టాక దాన్ని అటకెక్కించారు, అది వేరే సంగతి. ఆదిలాబాద్ అడవి అంచున పోడు చేసుకునే గిరిజనేతరుడు 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగితే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. తాత ఎప్పుడు పుట్టాడంటే "పెద్ద కరువొచ్చిన యేడు" అని చెప్పుకునే ఊళ్ళో 75 ఏళ్ళకు కాగితం!

ఇన్ని పరీక్షలు పెట్టిన ఈ నేల మీద ఒక్క కొలువుకు మాత్రం ఎవరూ గట్టిగా పరీక్ష పెట్టలేదు. అది ఎమ్మెల్యే కొలువు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వేములవాడ నుంచి 2009, 2010, 2014, 2018 ఎన్నికల్లో వరసగా నాలుగుసార్లు గెలిచిన పెద్దమనిషి జర్మన్ పౌరుడట. ఈ ముక్క నా అంతట నేనంటే పరువునష్టం దావా పడేది. 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు అన్నది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

చెన్నమనేని రమేశ్ గారిది అల్లాటప్పా ఇల్లు కాదు. తండ్రి రాజేశ్వరరావు సాయుధ పోరాటంలో పనిచేసిన కమ్యూనిస్టు, సిరిసిల్లను ఏలిన ఎమ్మెల్యే, చివరి రోజుల్లో తెలుగుదేశం. ఒక బాబాయి విద్యాసాగర్ రావు బీజేపీ, కేంద్ర మంత్రి, ఆ తర్వాత మహారాష్ట్ర గవర్నర్. ఇంకో బాబాయి హనుమంతరావు దేశం మెచ్చిన ఆర్థికవేత్త, ప్రణాళికా సంఘం సభ్యుడు. ఎర్రజెండా, పసుపు జెండా, కాషాయ జెండా ఒకే ఇంటి దండెం మీద ఆరేవి. గులాబీ ఒక్కటే తక్కువ పడితే ఆ వెలితి రమేశ్ గారు తీర్చారు. జర్మనీ జెండా సంగతి మాత్రం చాలా రోజులు ఎవరికీ తట్టలేదు.

ఆయన బెర్లిన్‌ వెళ్ళి హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో చదివారు, పనిచేశారు. 1993లో జర్మన్ పౌరసత్వం తీసుకున్నారు. ఇంకో దేశపు పౌరసత్వం కోరి పుచ్చుకున్నవాడికి భారత పౌరసత్వం అక్కడితో ఊడిపోతుందని మన 1955 చట్టం చెబుతోంది. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. బతుకుదెరువుకు ఎవరి తోవ వారిది. పదిహేనేళ్ళకు ఊరి మీద ప్రేమ పుట్టింది. అదీ తప్పు కాదు. ఊరి మీద ప్రేమతో పాటు అసెంబ్లీ మీదా ప్రేమ పుట్టింది. అక్కడ మొదలైంది కథ.

2008 మార్చి 31న మళ్ళీ భారతీయుణ్ని కావాలని దరఖాస్తు పెట్టుకున్నారు. దానికి చట్టంలో ఒక చిన్న షరతుంది. దరఖాస్తుకు ముందు 12 నెలలు వరసగా ఈ దేశంలో ఉండాలి. ముల్కీకి పదిహేనేళ్ళు, పోడుకు 75 ఏళ్ళు అడిగిన చోట ఇది మరీ మొహమాటపు షరతు. ఆ 12 నెలల్లో సారు ఈ దేశంలో ఉన్నది 96 రోజులని తర్వాత విచారణలో తేలింది. 96 రోజులంటే మా దిక్కు వరి పంట కూడా చేతికి రాదు. నాటేసినోడు కోతకు ముందే విమానం ఎక్కినట్టు. వ్యవసాయం మీద పరిశోధనలు చేసిన మనిషికి ఈ లెక్క తెలియదని అనుకోలేం. దరఖాస్తులో ఆ విదేశీ ప్రయాణాల ఊసు లేదు. కేంద్ర హోం శాఖ కూడా పాస్‌పోర్టు మీది ముద్రలు లెక్కపెట్టే ఓపిక లేక 2009 ఫిబ్రవరిలో పౌరసత్వం ఇచ్చేసింది. ఫిబ్రవరిలో పౌరుడు, ఏప్రిల్‌లో తెలుగుదేశం అభ్యర్థి, మేలో శాసనసభ్యుడు. మా ఊళ్ళలో పింఛను కార్డు కూడా ఇంత తొందరగా రాదు.

వేములవాడ జనం ఏమనుకొని ఓటేసి ఉంటారు? హోటల్ ముందు బెంచీ మీద మాట ఇట్లా నడిచి ఉంటుంది.

"గీయిన ఎవలే?"

"రాజేశ్వర్రావు సారు కొడుకు. జర్మనీల పెద్ద సదువు సదివిండట."

"మరి మనోడేనా?"

"సారు కొడుకంటే మనోడు గాక ఎవలోడే!"

విచారణ ముగిసింది. హోం శాఖ సరిగ్గా తేల్చలేని పౌరసత్వం ఒక చాయ చల్లారేలోపు తేలిపోయింది. వేములవాడ రాజన్న గుడికి కోడె మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళను చూడండి. లైన్లో నిలబడి టికెట్టు తీసుకుంటారు, కోడెను గుడి చుట్టూ తిప్పుతారు, కట్టేసి దండం పెట్టుకుంటారు. దేవుడి దగ్గర కోడెకు కూడా ఒక చిట్టీ ఉండాల్సిందే. ఎమ్మెల్యే టికెట్టు ఇచ్చిన పార్టీ మాత్రం ఏ చిట్టీ అడగలేదు.

ఇక కోర్టు కథ. దీన్ని తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే కోర్టులు తొందరపడలేదు. ఓడిపోయిన ఆది శ్రీనివాస్ ఫిర్యాదు పట్టుకొని తిరిగారు. 2010లో సారు తెలుగుదేశానికీ, ఎమ్మెల్యే పదవికీ రాజీనామా చేసి, టీఆర్ఎస్ కండువా కప్పుకొని ఉప ఎన్నికలో మళ్ళీ గెలిచారు. 2013లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఆయన ఎన్నిక చెల్లదన్నది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. స్టే మీద 2014లో గెలిచారు. 2017లో కేంద్రం పౌరసత్వం రద్దు చేసింది. కేసు నడుస్తుండగా 2018లో గెలిచారు. 2019 జూలైలో హైకోర్టు ఆ రద్దును పక్కనపెట్టి మళ్ళీ చూడమన్నది. ఈయన భారతీయుడిగా ఉండటం ప్రజల మేలుకు విరుద్ధమా కాదా అన్నది కూడా తేల్చమన్నది. అదే ఏడాది నవంబర్ 20న కేంద్రం మళ్ళీ రద్దు చేసింది. హైకోర్టు మళ్ళీ ఆపింది. పౌరసత్వం పోతూ వస్తూ ఉంది గానీ ఎమ్మెల్యే పదవి మాత్రం కదలకుండా కూర్చుంది. పౌరుడు కానివాడు శాసనసభ్యుడు కారాదని రాజ్యాంగం 173వ అధికరణం చెబుతుంది. అయిన తర్వాత పౌరుడు కాదని తేలితే అనర్హుడని 191 చెబుతుంది. ఎన్నాళ్ళలో తేల్చాలో మాత్రం ఏదీ చెప్పదు. ఆ సందులోంచి నాలుగు ఎన్నికలు బండి వెనక బండిగా దాటిపోయాయి.

చివరికి 2024 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. జర్మనీ పౌరసత్వం వదిలేసినట్టు ఆ దేశపు ఎంబసీ నుంచి ఒక్క కాగితం చూపలేకపోయారని, జర్మన్ పాస్‌పోర్టు మీదే ప్రయాణాలు చేశారని, వాస్తవాలు దాచారని కోర్టు తేల్చింది. 30 లక్షల జరిమానా వేసింది. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు, 5 లక్షలు న్యాయసేవల సంస్థకు. అప్పటికి సారు మాజీ అయి ఏడాది దాటింది. దొంగను పట్టుకోవడానికి పోలీసు వచ్చేసరికి దొంగ పింఛను తీసుకుంటున్నాడన్న పాత జోకు ఇక్కడ రాయను. ఇది దొంగతనం కేసు కాదు, ప్రజాస్వామ్యం కేసు.

జరిమానా సంగతి ఒక్కసారి లెక్కేద్దాం. 2016లో పెంచుకున్నాక తెలంగాణ ఎమ్మెల్యేకు జీతం, అలవెన్సు కలిపి నెలకు సుమారు రెండున్నర లక్షలు. 30 లక్షలంటే 12 నెలల జీతం. దేశంలో 12 నెలలు ఉండాల్సిన చోట లేనందుకు 12 నెలల జీతం కట్టమన్నట్టయింది. ఇంత అందంగా లెక్క సరిపోయిన తీర్పు ఈమధ్య రాలేదు. మిగతా పదమూడేళ్ళ చిల్లర ఎవరి ఖాతాలో రాసుకోవాలో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు పార్టీల దగ్గరికి రావాలి. సారు ఒక్కడి మీద రాళ్ళేసి చేతులు దులుపుకోవడం అన్యాయం. "స్థానికత" అన్న ఒక్క మాట మీద పుట్టి, పెరిగి, గద్దెనెక్కిన పార్టీ టీఆర్ఎస్. గుంటూరు మేష్టారు నాన్ లోకల్. విజయవాడ గుమస్తా నాన్ లోకల్. ఆరో జోన్ వాడు అయిదో జోన్‌లోకి వస్తే నాన్ లోకల్. బెర్లిన్ ప్రొఫెసర్ మాత్రం పక్కా లోకల్! 2013లో హైకోర్టు చెప్పాక కూడా రెండు సార్లు టికెట్టిచ్చారు. 2014లో అదే శాసనసభ కాలంలో, 1956కు ముందు తాత ఎక్కడున్నాడో చెప్పమని పిల్లల్ని నిలదీశారు. ఆ ప్రశ్న తమ బెంచీ మీదికి తిప్పి, 2007లో మీరెక్కడున్నారని అడిగి ఉంటే గొడవ అక్కడే తీరేది. 2023లో టికెట్టు నిరాకరించారు. కోర్టుకు భయపడి కాబోలు అనుకునేలోపే క్యాబినెట్ హోదాతో వ్యవసాయ సలహాదారు పదవి ఇచ్చారు. ఎమ్మెల్యేకు పౌరసత్వం కావాలి, సలహాకు అక్కర్లేదు కదా. ఆ లెక్కన అది ఆ పార్టీ తీసుకున్న అతి చట్టబద్ధమైన నిర్ణయం.

ఎదుటి పక్షం సంగతీ చెప్పకపోతే తూకం తప్పుతుంది. ఆది శ్రీనివాస్ పదిహేనేళ్ళు పట్టు వదలకుండా పోరాడారు. ఆ ఓపికకు దండం. అయితే జర్మనీ పౌరసత్వం మీద పోరాడుతూనే ఆయన పార్టీ పౌరసత్వం కాంగ్రెస్ నుంచి బీజేపీకి, బీజేపీ నుంచి మళ్ళీ కాంగ్రెస్‌కు మారింది. ప్రతి మార్పుకూ ముందు 12 నెలలు ఆ పార్టీలో వరసగా ఉండాలన్న నియమం ఉంటే ఈ రాష్ట్రంలో నామినేషన్లు వేసేవాళ్ళు దొరకరు. 2023లో ఆయన గెలిచారు, ప్రభుత్వ విప్ అయ్యారు. సభ్యులు గోడ దూకకుండా కాపలా కాయడం విప్ పని. ఆ పనికి అనుభవజ్ఞుణ్నే పెట్టారు.

ఇదంతా మన మట్టి జబ్బు, జర్మనీలో ఇట్లాంటివి ఉండవని అనుకునేవాళ్ళ కోసం అక్కడి ఒక అసలు సిసలు జర్మన్ నాయకుణ్ని చూపిస్తాను. ఎరిక్ మెండె. 1916లో సైలీషియాలో పుట్టి, హిట్లర్ సైన్యంలో మేజర్ దాకా ఎదిగి, 1945 ఫిబ్రవరిలో, యుద్ధం ఓడిపోతున్న రోజుల్లో, నైట్స్ క్రాస్ పతకం పొందిన వీరుడు. యుద్ధం అయిపోయాక న్యాయశాస్త్రం చదివి, ఫ్రీ డెమోక్రటిక్ పార్టీలో చేరి, 1949 నుంచి 1980 దాకా పార్లమెంటులో కూర్చున్నారు. నాజీ పతకాల మీద స్వస్తిక్ ఉండేది. 1957లో పశ్చిమ జర్మనీ ఒక చట్టం చేసింది. స్వస్తిక్ లేకుండా చేసుకుంటే పాత పతకాలు తొడుక్కోవచ్చు. చరిత్రను కంసాలి దగ్గరికి పంపి సున్నితంగా అరగదీయించిన చట్టం అది. మెండె గారు ఆ పతకం మెడలో వేసుకొని విందులకు వెళ్ళేవారు.

1961 ఎన్నికల్లో ఆయన పార్టీ "కూటమిలో చేరతాం గానీ ఆడినావర్ చాన్సలర్‌గా ఉంటే చేరం" అని ఊరూరా ప్రమాణం చేసి, దాదాపు 13 శాతం ఓట్లు తెచ్చుకొని, ఆడినావర్ కిందే కూటమిలో చేరింది. జర్మన్లు దానికి ఓ పేరు కూడా పెట్టారు, పడిపోయేవాళ్ళ పార్టీ అని. 1963లో ఆయన ఉప చాన్సలర్ అయ్యారు. ఆ తర్వాత ఒక విదేశీ మదుపు కంపెనీ జర్మన్ శాఖకు పెద్దగా కూర్చున్నారు. 1970లో ఆ కంపెనీ కుప్పకూలింది. అదే ఏడాది తను నడిపిన పార్టీ తూర్పు దేశాలతో స్నేహం చేస్తోందని అలిగి, గోడ దూకి క్రిస్టియన్ డెమోక్రాట్లలో చేరిపోయారు. బెర్లిన్‌లో పెద్ద గోడ ఒకటి ఉండనే ఉంది, అయినా నాయకులు దూకే గోడ వేరు. చూశారా, కండువాలు మార్చడంలో వేములవాడకూ పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌కూ తేడా ఏమీ లేదు. ఒక్క తేడా ఉంది. మెండె ఎన్ని పార్టీలు మారినా ఆయన జర్మన్ అవునా కాదా అని ఎవరూ కోర్టుకెక్కాల్సిన పని రాలేదు. పతకాన్ని అరగదీయించారు గానీ పాస్‌పోర్టును దాచలేదు.

మెండె మెడలో పతకంలాగా, పేరు ముందు ఒక తోక ఉంటే మన జనానికి కూడా గౌరవమే. హుజూరాబాద్ దిక్కు వొడితెల లక్ష్మీకాంతరావు మంత్రి అయ్యారు, రాజ్యసభకు వెళ్ళారు. అయినా ఇప్పటికీ ఎప్పుడో సైన్యంలో చేసిన ఉద్యోగం పేరుతోనే కెప్టెన్ అంటారు. ఆ కెప్టెన్ ఏ దేశపు సైన్యంలోనో అడగాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. డాక్టర్, ప్రొఫెసర్, కెప్టెన్, ఏదైనా సరే, ముందొక పదం ఉంటే వెనకేముందో చూడం. విదేశీ పట్టా ఇంకా మెరుగు. అమెరికా రిటర్న్ అభ్యర్థి అంటే పార్టీ టికెట్ల వేలంలో ధర పెరుగుతుంది. రిటర్న్ టికెట్టు జేబులో ఉందా అని ఒక్కరూ చూడరు.

జర్మన్ పాస్‌పోర్టుతో ఉత్తర తెలంగాణకు వచ్చినవాడు రమేశ్ గారొక్కరే కాదు. ఆదిలాబాద్‌కు అంతకు డెబ్బై ఏళ్ళ ముందే ఒకాయన వచ్చారు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను మింగడంతో ఆయన చేతిలోని పాస్‌పోర్టు జర్మన్ అయిపోయింది. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నారు. బ్రిటిష్ సర్కారు ఆయన్ను శత్రుదేశ పౌరుడిగా లెక్కగట్టి హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దని కట్టడి చేసింది. ఆ కట్టడిలోనే ఆయన చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, చివరికి గోండుల దగ్గరికి వెళ్ళారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను కాల్చి చంపాక గోండుల గోడు ఏమిటో చూడమని నిజాం సర్కారు ఆయన్ను అడిగింది. ఆయన జైనూర్ దగ్గర మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. భార్య బెట్టీతో కలిసి అక్కడే కాపురం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. గోండు పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించే బడి పెట్టించారు. భూమి పట్టాలు ఇప్పించేదాకా అధికారుల ప్రాణం తీశారు. 1945లో నిజాం సర్కారుకు గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు.

ఆయన ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. లోకల్ అని ఎవరికీ చెప్పుకోలేదు. ఏ దేశపోడివని నిలదీస్తే దాచడానికి వీల్లేని కాలం అది, కాగితం మీదే శత్రువని రాసి ఉంది. అయినా ఇవాళ్టికీ ప్రతి జనవరి 11న మార్లవాయి సమాధుల దగ్గర గోండులు ఆయన్నూ బెట్టీనీ తలుచుకుంటారు. ఒక జర్మన్ పాస్‌పోర్టును సర్కారు పట్టుకున్నది, జనం గుండెకు హత్తుకున్నారు. ఇంకో జర్మన్ పాస్‌పోర్టును జనం గెలిపించారు, కోర్టు పట్టుకున్నది. రెండిట్లో సలహాదారు పదవి ఒక్కటే ఉమ్మడి.

అసలు పాస్‌పోర్టంటే ఏమిటో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తెలియని గడప లేదు. సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్, ఖానాపూర్, ఏ ఊరికైనా వెళ్ళండి. ఇంట్లో బీరువా ఉంటే దాని అర మీద, లేకపోతే దేవుడి పటం వెనక, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ నీలం పుస్తకం ఉంటుంది. ఇంటిపేరు ఆధార్‌లో ఒక తీరు, పాస్‌పోర్టులో ఒక తీరు ఉంటే గల్ఫ్‌కు పంపే ఏజెంటు వెనక్కి పంపిస్తాడు. పదో తరగతి పాస్ కాకపోతే ఈసీఆర్ అని రాస్తారు, దుబాయి, మస్కట్, రియాద్ పోవాలంటే ఇంకో అనుమతి తేవాలి. అక్కడ దిగగానే చాలాచోట్ల కంపెనీవాడు పుస్తకం గుంజుకుంటాడు. అక్కడ ఉండనిచ్చే ఆకామా గడువు తీరి, కొత్తది రాక, యజమాని దగ్గర్నుంచి పారిపోతే ఖల్లివెల్లి అంటారు. దుబాయిలో గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హమ్‌ల జరిమానా. అది కట్టలేక ఏళ్ళకేళ్ళు దాక్కొని బతికి, క్షమాభిక్ష ప్రకటిస్తే ఔట్‌పాస్ మీద వట్టి చేతులతో దిగుతారు. కొందరు పెట్టెలో దిగుతారు.

ఆ ఖల్లివెల్లి కూలీకి కొన్ని రోజులు ఎక్కువయ్యాయి. మన సారుకు కొన్ని రోజులు తక్కువయ్యాయి. ఎక్కువైనవాడు జైలుకు పోయాడు. తక్కువైనవాడు అసెంబ్లీకి పోయాడు.

కాబట్టి ఏలికలకు ఒక చిన్న విన్నపం. చట్టాన్ని మార్చమని అడగం, మీకు అంత శ్రమ ఎందుకు. రమేశ్ గారికి దక్కిన మర్యాదే మావాళ్ళకూ ఇప్పించండి. పోడు రైతు 75 ఏళ్ళకు బదులు 96 రోజుల రుజువు తెస్తే ముందు పట్టా ఇవ్వండి, తర్వాత విచారించండి. ఫీజు అడిగిన పిల్లగాడికి ముందు డిగ్రీ ఇవ్వండి, ముత్తాత ఎవరో మెల్లగా వెతకండి. ఆకామా తీరిన కూలీకి పదిహేనేళ్ళు స్టే ఇప్పించండి. ఈలోపు నాలుగుసార్లు జీతం పెంచండి. పని నుంచి తీసేస్తే క్యాబినెట్ హోదాతో సలహాదారుగా పెట్టుకోండి. అన్నీ అయిపోయాక తీర్పు చెప్పండి. జరిమానా గురించి మీరు దిగులుపడొద్దు. ఒక్క ఏడాది జీతమే కదా, మావాళ్ళు అప్పు చేసైనా కట్టేస్తారు. అప్పులు చేయడం, కట్టడం వాళ్ళకు అలవాటే. ఎగ్గొట్టి ఎమ్మెల్యేలు కావడమే ఇంకా చేతకాలేదు.